జారాల్సిన శాలువా

జూన్ 9, సోమవారం

గదికి తాళం వేశానో లేదోనని బస్సు దిగి వెనక్కి వెళ్ళాను. వేశాను. మళ్ళీ బస్సెక్కాక స్టవ్ కట్టానో లేదోనని పట్టుకుంది. ఈసారి వెళ్ళలేదు. సాయంత్రం దాకా ఇల్లు తగలబడుతూనే ఉంది నా కళ్ళ ముందు. వచ్చి చూస్తే స్టవ్ కట్టే ఉంది. పాలగిన్నె మీద మూత కూడా ఉంది.

కింద ఇస్త్రీ కొట్టు ఆమె ఇవాళ పట్టుకుంది.

"పొద్దున్నే సంచీ తగిలించుకుని ఎక్కడికమ్మా రోజూ, ఈ వయసులో?"

బొమ్మలకి బట్టలు కుడుతున్నానన్నాను. సినిమాలో బొమ్మలకి.

"బొమ్మలేం నటిస్తాయి?"

అవి నటించవు తల్లీ, మనిషి కదుపుతాడు, గోరంత కదిపి ఒక ఫొటో తీస్తారు, మళ్ళీ గోరంత కదిపి ఇంకో ఫొటో, అలా పన్నెండు ఫొటోలు కలిస్తే ఒక్క సెకను, అని నాకు చెప్పినట్టే ఆమెకీ చెప్పాను.

"రోజంతా చేస్తే?"

"మూడు సెకన్లు. అదీ అన్నీ కుదిరితే."

"మా ఆయన కూడా రోజుకి అంతే పని చేస్తాడు. ఆయన్నెవరూ సినిమాకి పిలవరేం మరి?" అంది.

నవ్వొచ్చింది. కథ కూడా అడిగింది. సంవత్సరం చివరి సెలవులకి వచ్చే సినిమా. సెలవుల ముందు ఆఖరి బస్సు రద్దవుతుంది. బస్టాండు హాల్లో ఒక పాప, టికెట్లిచ్చే ముసలాయన, ఉద్యోగం ఊడిన డ్రైవరు, సూట్‌కేసులు ఎత్తుకుపోదామని వచ్చిన దొంగ, మూడు కాళ్ళ కుక్క మిగిలిపోతారు. ఎవరికి ఎవరూ ఏమీ కారు. అక్కడే ఉండిపోతారు.

"చివర్లో పాప కోసం వాళ్ళమ్మ వస్తుందా?"

"రాదు. ఎవరూ రారు."

"అదేం సెలవుల సినిమా? ఒక దీపం లేదు, బహుమతి లేదు."

నేనూ మొదట్లో ఇలాగే అడిగాను. సినిమా తీసేది మేస్త్రమ్మ. చేతిలో ఎప్పుడూ టేపు పట్టుకుని తిరుగుతుందని అందరూ పెట్టిన పేరు. "రానివాళ్ళ కోసం ఏడ్చే సినిమాలు బోలెడున్నాయి అమ్మమ్మా. మిగిలినవాళ్ళు కలిసి కూర్చునేది ఒకటుండనీ" అంది అప్పుడు. నాకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు.

జూన్ 10, మంగళవారం

ఏడు నెలలైంది ఆ సినిమా తీసే గోడౌనులో చేరి. బట్టలు సరిచేసే కొట్టులో ముప్పై ఒక్కేళ్ళు చేశాను, మూసేసిన రోజున షట్టరు దించి ఎవరిదారిన వాళ్ళు పోయారు, ఎక్కడ తింటావని ఒక్కరూ అడగలేదు. ఇక్కడ నా కుట్టు బల్ల మీదే అందరి భోజనం. గుడ్డముక్కలు పక్కకి తోసి డబ్బాలు విప్పుతారు. మేస్త్రమ్మ ఒకటి, బొమ్మల లోపల తీగలు కట్టే ఎముకలాయన ఒకడు, ఫొటోలు తీసే ఒంటికన్ను ఒకడు. రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి వాడికి, ఎప్పుడూ ఒకటి మూసుకుని చూస్తాడని ఆ పేరు. ఇంకొకడు నత్త. బొమ్మల్ని కదిపేది అతనే. ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు.

మిగతావాళ్ళకి అమ్మమ్మని. నత్తకి మాత్రం పిన్నిని. "నలభై దాటినవాడు అమ్మమ్మా అంటే నీకే వయసు పెరుగుతుంది పిన్నీ" అన్నాడు. తాగుడు మానేసి రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఆ లెక్క అడక్కుండానే చెబుతాడు, పసిబిడ్డ వయసు చెప్పినట్టు.

ఇప్పుడు తీస్తున్నది బెంచీ సీను. పాప నిద్రపోతుంటే భుజం మీంచి శాలువా మెల్లగా జారాలి. జారి జారి కింద పడాలి. అప్పుడు దొంగ లేచి దాన్ని తీసి కప్పుతాడు. అక్కడితో వాడు ఆ హాలు మనిషైపోతాడు. ఐదు బొమ్మలూ ఊపిరి తీస్తూ ఉండాలి కాబట్టి రోజుకి ఒక్క సెకనే. ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఎర్ర బల్బు వెలుగుతున్నంతసేపూ నత్త తప్ప ఎవరూ బొమ్మల బల్ల చుట్టూ కట్టిన నల్లతెర దాటకూడదు. ఆ మాట రోజుకి పదిసార్లు అందరికీ గుర్తుచేసేది నేనే. కుక్కబొమ్మ తోకకి ఎవరి చెయ్యైనా తగులుతుందేమో, గాలికి తెర ఊగుతుందేమో, ఎముకలాయన తుమ్ముతాడేమో. నా భయాలకి వాళ్ళు నవ్వుతారు.

ఆ శాలువా నేనల్లిందే. పదిహేడు రోజులుగా పాప భుజం బయటే ఉంది.

పనైపోతే వీళ్ళంతా ఎక్కడికి పోతారో.

జూన్ 12, గురువారం

ఘోరం జరిగింది.

భోజనాలయ్యాక నత్త తెర ఎత్తి లోపలికి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే నిలబడిపోయాడు. మేస్త్రమ్మే లేచి వెళ్ళింది, ఆమె వెనకాల అందరం. బల్ల రెండు వేళ్ళ మేర పక్కకి జరిగింది. డ్రైవరు ముందుకి తూలాడు. కుక్క పడిపోయింది. బెంచీ అతుకు ఊడింది. పంతొమ్మిది రోజుల పని. ఒక్క బొమ్మ కదిలితే వెనకటి ఫొటో చూసి సరిచేస్తారట. అన్నీ కదిలితే కుదరదట. మొదటినుంచి తియ్యాల్సిందే.

సరిచెయ్యకముందే ఒంటికన్ను ఆ పాడైనది ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసి పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే, "చచ్చినవాడికి కూడా ఆఖరి ఫొటో ఉండాలి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"లోపలికి ఎవరెళ్ళారు?" అంది మేస్త్రమ్మ.

అందరం భోజనం దగ్గరే ఉన్నాం. నత్త అందరికంటే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. మధ్యలో నేను కళ్ళజోడు కోసం లేచాను. కళ్ళజోడు నా మిషను మీదే ఉంది. తెచ్చుకున్నాను.

నన్నెవరూ అడగలేదు. "అమ్మమ్మ ఆ తెర దరిదాపులకే పోనివ్వదు ఎవర్నీ" అన్నాడు ఒంటికన్ను.

"నేను వచ్చేటప్పుడు బాగానే ఉంది" అన్నాడు నత్త.

"బాగానే ఉందా, ఉన్నట్టు నీకు గుర్తా?" అన్నాడు ఎముకలాయన.

ఆ మాట పడ్డాక అందరూ నత్త చేతిలో గ్లాసు వైపు చూశారు. అందులో టీయే. నేనూ చూశాను.

జూన్ 13, శుక్రవారం

నేనేమీ ముట్టుకోలేదు.

జూన్ 14, శనివారం

గదిలో కుళాయి కారుతోంది. చుక్క చుక్క. బకెట్టు నిండితే నేల మీదకి, నేల మీంచి కింద ఇస్త్రీ బట్టల మీదకి. ప్లంబరు రేపు వస్తానన్నాడు. అతని రేపు ఎప్పుడో. బకెట్టు గంటకోసారి పారబోస్తున్నాను.

ఆ బల్ల పాతది. కాలు ఒకటి పొట్టి, కింద అట్టముక్క పెట్టారు. దానంతటదే జారి ఉండొచ్చు. ఎలకలున్నాయి గోడౌనులో. ఆ మాటే ఒంటికన్నుతో నిన్న అన్నాను.

"బల్ల జరిపే ఎలకా అమ్మమ్మా? దొరికితే పనిలో పెట్టుకుందాం, ఎముకలాయన కంటే నయం."

ఎముకలాయన కసురుకున్నాడు. కాసేపు మామూలుగా అనిపించింది అందరికీ. నత్త నవ్వలేదు. మూలన కూర్చుని తన వేళ్ళు చూసుకుంటున్నాడు, అవి వేరేవాళ్ళ వేళ్ళయినట్టు.

జూన్ 16, సోమవారం

మేస్త్రమ్మ నత్తని కొన్నాళ్ళు ఇంట్లో ఉండమంది. కోపంగా కాదు. కోప్పడినా బాగుండేది.

"నిన్నేమీ అనట్లేదు. ఒక్కమాట చెప్పు, చాలు. ఆ పది నిమిషాలు ఎక్కడున్నావు?"

"మెట్ల మీద కూర్చున్నాను. ఊరికే."

"ఊరికే పది నిమిషాలా?"

"రోజూ కూర్చుంటాను. కూర్చుంటే చెయ్యి నిలుస్తుంది."

"తాగావా?"

"లేదు."

"పోనీ తూలి తగిలావా?"

దానికి వెంటనే లేదనలేదు. కాస్త ఆలోచించాడు. ఆలోచించడమే కొంపముంచింది. వెళ్తూ వెళ్తూ నా మిషను దగ్గర ఆగి, "వెళ్ళొస్తా పిన్నీ, కళ్ళు జాగ్రత్త" అన్నాడు. సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. ఎక్కలేదు. తల ఎత్తలేదు.

అతను మాత్రం ఇంట్లో నిశ్చింతగా ఉంటాడు. వాళ్ళక్క ఉంది. వేళకి పెడుతుంది. కొన్నాళ్ళు విశ్రాంతి మంచిదే.

జూన్ 17, మంగళవారం

ఇవాళ ఎముకలాయన మామూలుగా, "అమ్మమ్మా, పాప శాలువా ఏదీ?" అన్నాడు. నేను గబుక్కున లేచి, "నాకేం తెలుసు, నేనెందుకు తీస్తాను?" అన్నాను. అది నా ఒళ్ళోనే ఉంది, ఉతకడానికి నేనే తెచ్చుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. వాడు నవ్వి, "పెద్దతనం" అన్నాడు.

ప్లంబరు రాలేదు.

జూన్ 19, గురువారం

బొమ్మల్ని ఇప్పుడు మేస్త్రమ్మే కదుపుతోంది. టికెట్ల ముసలాయన ఒక్కడే ఉండే చిన్న సీను. ఆమె కదిపితే ముసలాయన కాళ్ళకి మేకులు కొట్టినట్టు నడుస్తున్నాడు. అందరికీ తెలుస్తోంది, ఎవరూ అనట్లేదు. భోజనం దగ్గర నత్త చోటు ఖాళీ. అందరూ నాకే ఎక్కువ వడ్డిస్తున్నారు. "నువ్వు బెంగపడుతున్నావు అమ్మమ్మా, నత్త మీద" అంది మేస్త్రమ్మ, నా వీపు నిమిరింది.

ఆ రోజు కళ్ళజోడు మిషను మీద లేదు. పొద్దున డ్రైవరు కోటుకి గుండీ కుట్టడానికి మేస్త్రమ్మ నన్ను తెర లోపలికి పిలిచింది కదా, అప్పుడు స్టూలు మీద మర్చిపోయాను. దాని కోసం వెళ్ళాను. తెచ్చుకున్నాను. చూశాను కూడా. చూడ్డం ముట్టుకోవడం కాదు.

జూన్ 23, సోమవారం

నత్త ఫోన్ చేశాడు. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నాను.

"పిన్నీ, నువ్వు అబద్ధం చెప్పవు. నేనే చేసుంటానా? నాకు గుర్తులేకుండా?"

కుళాయి చుక్కలు వినబడుతున్నాయి. పదో పన్నెండో లెక్కపెట్టాను.

"ఏమో నాయనా" అన్నాను.

"అంతేలే" అని పెట్టేశాడు.

జూన్ 24, మంగళవారం

ఏమో నాయనా. రెండు మాటలు. ముప్పై ఒక్కేళ్ళు ఒకరి గుడ్డ ఇంకొకరికి ఇవ్వలేదు, ఒక్క గుండీ మార్చలేదు. రెండు మాటలు.

జూన్ 26, గురువారం

ఎముకలాయన నత్తని నిన్న చూశాడట, పట్టపగలు, బస్టాపులో. నిలబడలేక స్తంభం పట్టుకుని ఉన్నాడట. "చూశారా, నేను ఊరికే అనలేదు. మానలేదు వాడు. దాచాడంతే" అన్నాడు. మేస్త్రమ్మ డబ్బా మూత పెట్టేసింది, తినకుండానే.

రాస్తాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా రాయలేకపోతే ఇంక నేనెందుకు.

కళ్ళజోడు తీసుకున్నాను. తీసుకుని తిరిగి వచ్చేయాల్సింది. పాప భుజం కనబడింది. కళ్ళజోడు పెట్టుకున్నాక ఇంకా బాగా కనబడింది. శాలువా సగం జారిపోయి, చిన్న ఎముకలాంటి భుజం, మెడ దగ్గర నేను కుట్టిన కాలరు. చలి వేస్తుందే దీనికి, అనుకున్నాను. పిచ్చిముండని. అది సిలికోన్ బొమ్మని తెలుసు, శాలువా జారాలనీ తెలుసు, ఆ సమయానికి ఏదీ తెలియలేదు. చెయ్యి వెళ్ళిపోయింది. శాలువా పైకి లాగి, మళ్ళీ జారకుండా కొసని కాలరు లోపలికి దోపాను. దొంగ బొమ్మ అడ్డంగా ఉంటే అందలేదు, బల్ల మీద బరువు వేసి వంగాను. బల్ల కదిలింది. ఏదో చప్పుడైంది. కుక్కేమో. వెనక్కి చూడకుండా వచ్చేశాను. వచ్చి కూర్చుని తిన్నాను. రెండోసారి వడ్డిస్తే కూడా వద్దనలేదు.

తేలు కుట్టిన దొంగలా ఉన్నాను రెండు వారాలు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే పంపేస్తారు. పంపేస్తే ఆ బల్ల మీద భోజనం లేదు. అమ్మమ్మా అనేవాళ్ళు లేరు. ఈ గది, ఈ బకెట్టు. నా భయమంతా నా గురించే. ఇల్లు తగలబడుతుందేమోనని రోజూ ఏడ్చేదాన్ని, ఇంకొకరి ఇంటికి నేనే నిప్పు పెట్టి వచ్చాను.

జూన్ 30, సోమవారం

చెప్పేశాను. భోజనం దగ్గర, అందరూ ఉండగా. నాలుగు రోజులు పట్టింది గొంతులోంచి రావడానికి.

"ఆ బల్ల జరిపింది నేను. నత్త కాదు."

మేస్త్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు. "అమ్మమ్మా, నీది ఎంత పెద్ద మనసు" అంది.

"మనసు కాదమ్మా, నిజం. కళ్ళజోడు కోసం వెళ్ళాను."

"వాణ్ణి వెనక్కి తెప్పించడానికి నువ్వు నిందేసుకుంటున్నావు. తెలుస్తూనే ఉంది" అన్నాడు ఒంటికన్ను. "నువ్వు తెర దాటడమా? నన్ను తుమ్మనివ్వవు."

"తుమ్మనివ్వనిది నన్నురా" అన్నాడు ఎముకలాయన. "అమ్మమ్మా, నువ్వు అబద్ధం చెప్పినా అతకదు. చూడు, చెవులు ఎర్రబడ్డాయి."

నవ్వారు. ప్రేమగా నవ్వారు. నాకిష్టమైనవి నా వైపు జరిపారు. నేను మళ్ళీ చెప్పాను, ఇంకా ఎక్కువ నవ్వారు. నిజం చెబితే ఇంత ముద్దు చేస్తారని నాకు తెలియదు. ఒక క్షణం, ఒక్క క్షణమే, ఇంక వదిలేద్దామనిపించింది. చెప్పాను కదా. నమ్మకపోవడం వాళ్ళ పని. ఎంత హాయిగా ఉందో ఆ క్షణం. అందుకే భయమేసింది.

జూలై 1, మంగళవారం

పొద్దున్నే ఎవరూ రాకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. నత్త కూర్చునే మెట్లు. ఒంటికన్ను రాగానే అడిగాను.

"ఆ రోజు తీశావే, చచ్చినవాడి ఆఖరి ఫొటో. అది పెద్దదిగా చూపించు. మేస్త్రమ్మనీ పిలువు."

"మళ్ళీ మొదలా అమ్మమ్మా."

"చూపించరా."

కంప్యూటరులో తెరిచాడు. మేస్త్రమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ బల్లనే చూశారు, పడిపోయిన కుక్కని చూశారు. నేను కంప్యూటరు తెర మీద వేలు పెట్టి పాప మెడ చూపించాను.

"బల్లకి మనిషి తగిలితే శాలువా కింద పడుతుంది. ఇదెక్కడుంది?"

మేస్త్రమ్మ దగ్గరికి వంగింది. ఒంటికన్ను ఇంకా పెద్దది చేశాడు. శాలువా మెడ దాకా ఉంది. కొస కాలరు లోపలికి దోపి ఉంది, బయట మడత కూడా కనబడకుండా. పిల్లలకి కప్పేవాళ్ళు దోపినట్టు.

"తగిలితే కొస లోపలికి పోదమ్మా" అన్నాను. "ఎవరో దోపాలి."

ఎముకలాయన వచ్చాడు, ఏమిటేమిటి అన్నాడు, చూశాడు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

మేస్త్రమ్మ టేపు సాగదీసి వదిలేసింది, సాగదీసి వదిలేసింది. ఆఖరికి అంది:

"పంతొమ్మిది రోజులు మా కళ్ళ ముందే కూర్చుని తిన్నారు. నత్తని ఇంటికి పంపిన ఆ పదహారో తారీఖున కూడా మీరు అక్కడే ఉన్నారు."

"ఉన్నానమ్మా."

"బట్టలు ఇంక ఇంటి దగ్గరే కుట్టి పంపించండి. మనిషిని పంపుతాను."

ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. సంచీ నేనే సర్దుకున్నాను. ఒంటికన్ను రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నాడు.

జూలై 3, గురువారం

నత్త ఇంటికి వెళ్ళాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ప్రతి మలుపులోనూ వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. తలుపు వాళ్ళక్క తీసింది. నేనెవరో చెప్పాను.

"పిన్నిగారంటే మీరేనా" అంది. "మీ గురించి రోజూ చెప్పేవాడు." చెప్పేవాడు అంది. అంటే ఇప్పుడు చెప్పడం లేదు.

అతను మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. మేస్త్రమ్మ అప్పటికే ఫోన్ చేసి అంతా చెప్పిందట. అయినా నా నోటితో నేను చెప్పాను, మొదటినుంచి చివరిదాకా, "ఏమో నాయనా" అన్నది కూడా. దానికి ఒక్కదానికే తల ఎత్తాడు.

"కాఫీ పెట్టనా?" అంది వాళ్ళక్క, ఎవరికీ అక్కర్లేకపోయినా.

"నేను తాగలేదని నాకు తెలుసు" అన్నాడు. "మొదటి రోజు తెలుసు. రెండో రోజూ తెలుసు. అందరూ అలా చూస్తుంటే తాగానేమో అనుకున్నాను. మీరు కూడా ఏమో అన్నాక ఇంక అనుకోవడం ఎందుకని, తాగాను."

మంచం పట్టె పట్టుకున్నాను.

"ఇప్పుడు నిజం తెలిసింది. తెలిస్తే ఏమవుతుంది, ఒంట్లోంచి దిగుతుందా?" అన్నాడు. "రెండేళ్ళ ఎనిమిది నెలలు. మళ్ళీ మొదటినుంచి తియ్యాలి. ఇది కూడా."

నన్ను తిట్టమన్నాను.

"తిట్టడానికి ఓపిక లేదండీ."

కుడిచెయ్యి దుప్పటి మీద పెట్టుకున్నాడు. పావురం ఎద కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. దాన్ని పట్టుకుని ఆపాలనిపించింది. ఎంతగా అనిపించిందో రాయలేను. పట్టుకోలేదు. కాఫీ చల్లారిపోయింది, తాగకుండానే వచ్చేశాను.

జూలై 7, సోమవారం

ఏమీ లేదు. కుళాయి బాగుచేశారు. నిశ్శబ్దంగా ఉంది.

జూలై 11, శుక్రవారం

దొంగకి కొత్త చొక్కా. కాలరు మూడుసార్లు విప్పి కుట్టాను. తీసుకెళ్ళడానికి వచ్చినతను కొత్త మనిషి. గోడౌనులో ఎలా ఉన్నారని అడిగితే, "ఎవరు?" అన్నాడు.

ఇస్త్రీ ఆమె, "ఏమ్మా, సినిమా అయిపోయిందా?" అంది. అయిపోలేదు, నేనే అయిపోయానన్నాను. ఆమె నవ్వబోయి ఆగింది.

జూలై 14, సోమవారం

మేస్త్రమ్మ వచ్చింది, గదికి. ఎప్పుడూ రాలేదు. ఉన్న ఒక్క కుర్చీ ఇచ్చాను, కూర్చోలేదు.

నత్త మీద మాట అన్నందుకు ఆమె మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళిందట. రెండుసార్లు తలుపు తియ్యలేదు. మూడోసారి ఎముకలాయన కూడా వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడట, తప్పైపోయిందని. వస్తానన్నాడట నత్త చివరికి. డాక్టరు మందులిచ్చాడు, తొమ్మిది రోజులుగా ముట్టలేదు. కానీ చెయ్యి ఇంకా నిలవడం లేదు. బెంచీ సీను మొదటినుంచి తనే చేస్తానన్నాడు. ఒక షరతు పెట్టాడు.

"మీరు లోపల కూర్చోవాలట" అంది మేస్త్రమ్మ. "తెర లోపల. అతనికి ఎదురుగా."

నాకు అర్థం కాలేదు.

"'ఆవిడ ఇంటి దగ్గరుంటే, ఏ నిమిషాన వచ్చి ఏం సర్దుతుందోనని నా చెయ్యి ఇంకా వణుకుతుంది. ఎదురుగా ఉంటే ఆ భయం ఉండదు. చేతులు నాకు కనబడేట్టు కూర్చోమనండి' అన్నాడు నత్త."

"క్షమించాడా?"

"ఆ మాట నేనడగలేదు. మీరూ అడగొద్దు."

జూలై 15, మంగళవారం

తాళం వేశాను. స్టవ్ కట్టాను. వెనక్కి వెళ్ళలేదు.

స్టూలు అతనికి మూడడుగుల దూరంలో వేశారు. ఎర్ర బల్బు వెలిగింది. లోపలికి వచ్చి, తలూపాడు, పిన్నీ అనలేదు, అండీ కూడా అనలేదు. మొదటి ఫొటోకి ముందు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది చాలాసేపు. వేళ్ళు వణుకుతుంటే దించుకుని, మోకాలి మీద పెట్టుకుని, ఎదురు చూశాడు. నేనూ చూశాను. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. మధ్యాహ్నానికి ఒక ఫొటో. సాయంత్రానికి మూడు.

జూలై 22, మంగళవారం

ఐదు ఫొటోలు. నా ముక్కు మీద దురద పుట్టింది. గోక్కోలేదు.

జూలై 28, సోమవారం

ఇవాళ తొమ్మిది ఫొటోలు. మాట్లాడాడు మొదటిసారి, నాతోనో బొమ్మతోనో తెలియదు. "కాస్త జారాలి ఇది" అన్నాడు.

భోజనం నా పాత బల్ల మీదే పెట్టుకుంటున్నారు. నన్ను పిలుస్తున్నారు. వెళ్తున్నాను, చివర కూర్చుంటున్నాను. ఒంటికన్ను ఇవాళ నీళ్ళ సీసా నా వైపు తోశాడు, చూడకుండా. ఎముకలాయన ఏదో జోకు చెప్పబోయి, నన్ను చూసి, మింగేశాడు. ఇది ఇలాగే ఉంటుందేమో. ఇంతకంటే ఎక్కువ ఉండదేమో. ఐదుగురం ఉన్నాం. అందరం ఉన్నాం.

నత్త తన డబ్బా పట్టుకుని మెట్ల మీదకి వెళ్ళాడు, పది నిమిషాలు. ఎవరూ గడియారం చూడలేదు. వచ్చి తెర ఎత్తి, నేను ముందు వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డాడు. మర్యాదకో, కాపలాకో.

శాలువా ఇవాళ పాప మోచేతి దగ్గరికి వచ్చింది. ఒక నూలుపోగు మేర జరపడానికి గంట పట్టింది అతనికి. భుజం అంతా బయటే ఉంది. కింద పడడానికి ఇంకా రెండు నెలలు. పడ్డాక దొంగ లేస్తాడు. ఎవరు కప్పాలో వాడే కప్పుతాడు, నాకేం సంబంధం లేదు. పాపకి చలి వేస్తూనే ఉంటుంది అప్పటిదాకా. తెలుసు. చేతులు ఒళ్ళో, అరచేతులు పైకి పెట్టుకుని కూర్చున్నాను.